ఎడ్లబాటకు అటూ ఇటూ

బందెలదొడ్డి,
9 జులై 1995.

వదినకు మరదలు దుర్గమ్మ దండాలు.

అన్న మోకాలు ఎట్లా ఉంది? చెరువు కట్ట మీద నీ మిర్చి బండికి పట్నం జనం బాగానే వస్తున్నారా? వానలు పడితే ఇంకా ఎక్కువ వస్తారు. తడిసినోళ్ళకు ఆకలెక్కువ.

ఇక్కడ ఒక వింత జరిగింది. కూర్చుని చదువు. నేను సర్పంచ్‌నయ్యాను.

నవ్వకు. ఇన్నాళ్ళూ పెద్దబండకు తోకలాగా ఉన్న మన బందెలదొడ్డిని వేరే పంచాయతీ చేశారు కదా. మీ తమ్ముడు గౌరయ్య అప్పటినుంచే తెల్లబట్టలు కుట్టించుకుని, మీసం దువ్వుకుని తయారుగా ఉన్నాడు. సీటు ఆడవాళ్ళకని తెలిసిన రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున లేచి నన్ను ఒక చూపు చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అట్లా చూడలేదు వదినా. "అరె, నువ్వు గూడ ఆడిదానివే గదనే!" అన్నాడు. పిల్లల్ని కని పెంచాక ఇప్పటికి గుర్తుపట్టాడు.

పెద్దబండకు మన ధర్మేందర్ గెలిచాడు. నీ మేనల్లుడు అక్కడ, నీ మరదలు ఇక్కడ. మండలాఫీసు నుంచి హద్దుల కాగితం కూడా వచ్చింది. ఎడ్లబాటకు తూర్పున ఉన్నదంతా పెద్దబండ, పడమరన ఉన్నదంతా బందెలదొడ్డి. మేకల సత్తార్ భాయి ఇల్లు మాకొచ్చింది, బాటకు అవతల ఉన్న కోళ్ళగూడు వాళ్ళకు పోయింది. ఆయన భార్య జుబేదా పొద్దున్నే గుడ్ల కోసం పక్క పంచాయతీకి పోయివస్తోంది.

సంతకం అలవాటు కావాలని కింద పూర్తిగా పెడుతున్నాను.

దుర్గమ్మ, సర్పంచ్.


శామీర్‌పేట,
22 జులై 1995.

సర్పంచ్ దుర్గకు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం మేడ్చల్‌లో బయలుదేరి, సికింద్రాబాద్ పోయి, అక్కడ నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని ఇక్కడికి వచ్చింది. నేను రావాలన్నా అదే దారి. పొలాలకు అడ్డంపడి పోతే పొరుగూరు, బస్సెక్కితే పరదేశం.

మీ అన్నకు చదివి వినిపించాను. "గౌరయ్య పెండ్లాం సర్పంచ్ అయితే గౌరయ్య ఏమైతడు?" అని అడిగాడు. ఏమీ కాడు, ఎప్పటిలాగే ఉంటాడు అన్నాను.

హద్దుల కాగితాలకు మురిసిపోకు. నేను పుట్టినప్పుడు మన ఊరు మేడ్చల్ తాలూకా, అత్రాఫ్ బల్దా జిల్లా. నైజాం పోయాక హైదరాబాద్ జిల్లా అన్నారు. నన్ను శామీర్‌పేటకు ఇచ్చారు, అదీ మేడ్చల్ తాలూకానే. ఒకరోజు పప్పుకు పోపు పెడుతుంటే రంగారెడ్డి జిల్లాలోకి పోయావన్నారు. ఇంకోరోజు తాలూకాలు తీసేసి, పుట్టిల్లు మేడ్చల్ మండలం, అత్తిల్లు శామీర్‌పేట మండలం అన్నారు. పొయ్యి ముందు నుంచి లేవకుండా ఇన్ని జాగలు తిరిగినదాన్ని నేనే. టికెట్టు కూడా అడగలేదు.

అవన్నీ పోనీ. నాకు ఒక్క సంగతి చెప్పు. ఊరి నడుమ ఉన్న మన బొడ్రాయి ఎవరి వాటాకు వచ్చింది? ఇక్కడ నన్ను ఇప్పటికీ 'మేడ్చలామె' అంటారు. అక్కడికి వస్తే మీ పిల్లలు 'శామీర్‌పేట అత్త' అంటారు. బొడ్రాయి పండుగ నాడే పూజ చేసే బైండ్లాయన మైకులో "బాలమణీ, నీ బిందె తే బిడ్డా" అని పిలుస్తాడు. ఊరి పెద్ద ఆడబిడ్డ ఆ రాయి మీద నీళ్ళు పోయందే ఇంకెవరూ పోయకూడదు. మా మేనత్త పోయినప్పటినుంచి మొదటి బిందె నాదే. ఆ ఒక్క బిందె కోసం నేను ఎన్ని సికింద్రాబాద్‌లైనా తిరుగుతాను. దాన్ని గనక మీ పంచాయతీలు పంచుకుంటే ఊరుకోను.

నీ వదిన,
బాలమణి.


బందెలదొడ్డి,
3 డిసెంబర్ 1995.

వదినకు దండాలు.

ఆలస్యమైంది, తిట్టకు. సర్పంచ్ పని ఇంత ఉంటుందనుకోలేదు. మీ తమ్ముడు నా కుర్చీలో కూర్చుంటాడు, నేను ఆయనకు టీ ఇస్తాను. ఎవరైనా ఆఫీసరు వస్తే మేమిద్దరం జాగలు మార్చుకుంటాం.

బొడ్రాయి పెద్దబండ నడివీధిలో ఉంది కాబట్టి వాళ్ళకే పోయింది. పోయిన నెల ధర్మేందర్ దగ్గరికి నేనే నడిచిపోయి, వచ్చే పండుగకు మా దొడ్డి వాళ్ళం కూడా వస్తామని చెప్పాను. నిన్న మొన్న నా చంకనెక్కిన పిల్లాడు కాలు మీద కాలేసుకుని ఏమన్నాడో తెలుసా? "చిన్నమ్మా, ఊరు వేరైనంక రాయి ఒక్కటెట్లైతది? మీది మీరు పాతుకోరి" అన్నాడు. సరే, పాతుకుంటామన్నాను. మాఘ పౌర్ణమి నాడు మా బొడ్రాయి పెడుతున్నాం.

ఇంకో తగాదా ఎడ్లబాట మీద. మొన్నటి వానలకు నడుములోతు గుంటలు పడ్డాయి. బాటకు తూర్పు వాళ్ళది, పడమర మాది, మరి బాట ఎవరిది? కాగితంలో లేదు. ఎవరిదైతే వాళ్ళే మొరం పోయించాలి కాబట్టి, మాది కాదని ధర్మేందర్ రాసిచ్చాడు. మీ తమ్ముడు ఇంకా గట్టిగా, మాకు ఆ బాటతో ఏ సంబంధమూ లేదని రాసి నాతో ముద్ర వేయించాడు. ఆ రాత తీసుకుని వస్తూ అదే బాటలో పడి కాలు బెణికించుకున్నాడు.

నువ్వు ముందు రోజే రావాలి. పొద్దు పొడవకముందే ఊరి చుట్టూ పొలి అన్నం చల్లి పొలిమేర కట్టేస్తారు కదా. ఆ తర్వాత పొద్దు గూకేదాకా లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మా మొదటి బిందె నీదే. ఇది సర్పంచ్ మాట.

దుర్గమ్మ.


శామీర్‌పేట,
14 డిసెంబర్ 1995.

దుర్గా,

ఏం ఆటలాడుతున్నారే మీరు? నీ ఉత్తరం వచ్చిన రోజే ధర్మేందర్ మనిషిని పంపాడు. ఊరి నుంచి ఒక ముక్క పోయింది కాబట్టి వాళ్ళ పొలిమేర కట్టు తెగిందట. మళ్ళీ కట్టి, బొడ్రాయి పండుగ చేస్తారట. మొదటి బిందె అత్తదేనట. ఎప్పుడు బాబూ అంటే, మాఘమాసంలో నువ్వు చెప్పిన రోజే!

రెండు ఊళ్ళూ ఒకే పొద్దున పొలిమేర కట్టుకుంటే నేను ఎందులో ఉండాలి? నడుము దాకా ఒక ఊళ్ళో, తల ఒక ఊళ్ళో పెట్టమంటారా? నన్ను ఇంతవరకు సర్కారే ముక్కలు చేసింది, ఇప్పుడు ఇంటోళ్ళు మొదలుపెట్టారు.

ఆ మనిషి ధర్మేందర్ మాటగా ఒకటి చెప్పాడు. "చిన్నమ్మనే కావాలని మా తారీఖు మీద తారీఖు పెట్టింది" అని. నేను నమ్మలేదు. కానీ నమ్మకుండా ఉండటానికి చాలా కష్టపడాల్సి వచ్చింది. కుర్చీ ఎక్కినాక నీ ఉత్తరాల్లో ముద్ర గురించే ఎక్కువ ఉంటోంది, మా అమ్మ సమాధికి సున్నం వేయించారా లేదా అన్న ముక్క లేదు.

తారీఖు మార్చండి. ఎవరు మారుస్తారో నాకనవసరం. మార్చకపోతే ఏ ఊరికీ రాను. కట్ట మీద మిర్చీలు వేసుకుంటాను.

బాలమణి.


బందెలదొడ్డి,
5 జనవరి 1996.

వదినకు,

సున్నం వేయించాం. ముందు అది చదువుకుని శాంతించు.

తారీఖు నేను పెట్టలేదు, ధర్మేందరూ పెట్టలేదు. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం మేడ్చల్‌లో ఒకే పంతులు దగ్గరికి పోయాం. ఆయన ఇద్దరికీ ఒకే ముహూర్తం చెప్పి, సంభావన మాత్రం విడివిడిగా తీసుకున్నాడు. మార్చమంటే, మాఘంలో అంతకంటే మంచి రోజు లేదు, మీరిద్దరూ మారండి అన్నాడు. నువ్వు మార్చుకో అని నేను, నువ్వు మార్చుకో అని ధర్మేందర్. మీ వంశపు మొండితనం నీకు తెలియనిదా?

అయితే నీ బాధ తీరే మార్గం ఒకటి దొరికింది. నిన్న బైండ్లాయన వచ్చాడు. కొత్త బొడ్రాయికి మొదటి నీళ్ళు ఆ ఊళ్ళో పుట్టిన ఆడబిడ్డే పోయాలట. మా అక్క ఉంది అన్నాడు మీ తమ్ముడు. "మీ అక్క పుట్టింది పెద్దబండల. అప్పుడు ఈ ఊరేడిది?" అని అడిగాడు ఆయన. నిజమే కదా వదినా. మా ఊరు పోయిన ఏడాదే పుట్టింది. ఇక్కడి ఆడవాళ్ళందరూ పుట్టింది పాత ఊళ్ళోనే. ఊరు పుట్టాక పుట్టిన ఆడపిల్ల ఎవరా అని వెతికితే ఒక్కతే తేలింది. జుబేదా మనుమరాలు, నిన్నగాక మొన్న పుట్టిన సుమేరా. మా ఊరి పెద్ద ఆడబిడ్డ ఇప్పుడు ఉయ్యాలలో ఉంది.

మీ తమ్ముడు సిగ్గు లేకుండా అడగడానికి పోయాడు. జుబేదా పడీ పడీ నవ్వి, "గౌరన్నా, పండుగ నాటికి ఛిల్లా పూర్తికాదు. నలభై రోజులు కానిదే పిల్లని గడప దాటించం" అంది. కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, లెక్క ప్రకారం నువ్వు మా ఊరి ఆడబిడ్డవు కావు. కాబట్టి మా కోసం నువ్వు నలిగిపోనక్కరలేదు. రాకపోయినా మేమేమీ అనుకోం.

దుర్గమ్మ, సర్పంచ్.


శామీర్‌పేట,
16 జనవరి 1996.

బందెలదొడ్డి గ్రామ సర్పంచ్ గారికి,

మీ ఊరి ఆడబిడ్డను కానని మీరు తెలియజేసిన ఉత్తరం అందింది. నేను పుట్టిన ఊరికే పోతాను. మా తమ్ముడు గౌరయ్యను అడిగినట్టు చెప్పగలరు, ఆయనకు అక్క అనే మనిషి ఉన్నట్టు గుర్తుంటే.

ఇట్లు,
బాలమణి,
శామీర్‌పేట మండలం.


బందెలదొడ్డి,
18 ఫిబ్రవరి 1996.

వదినా,

పండుగ అయిపోయింది. నువ్వు అన్నట్టే పెద్దబండకు పోయావు. సంతోషం.

నేను రాసింది ఒకటి, నువ్వు చదివింది ఒకటి. రెండు ఊళ్ళ మధ్య నలగొద్దని రాస్తే, నిన్ను కాదన్నానని పట్టుకున్నావు. కార్డు ముక్క మీద మీరు, గారు అని రాసి పంపావు. పోస్ట్‌మన్ దాన్ని దారి పొడుగునా చదువుకుంటూ వచ్చి, "ఏందమ్మా, లడాయా?" అని నన్నే అడిగాడు. అయినా నువ్వు వస్తావనుకున్నాను. నీ కోపం నాకు తెలుసు, పాలపొంగు లాంటిది. ముందు రోజు సాయంత్రం దాకా మేడ్చల్ బస్సు వచ్చినప్పుడల్లా మీ తమ్ముడు సైకిలేసుకుని పోయివచ్చాడు. పండుగనాడు బెణికిన కాలుతో సత్తార్ భాయి ఇంటి మిద్దె ఎక్కి, పెద్దబండ నడివీధి కనిపిస్తుందేమో అని చూశాడు. డప్పులు వినిపించాయి గానీ మనుషులు కనపడలేదట. దిగి వచ్చి, "మా అక్క అక్కడ మొదటి బిందె పోస్తుంటది" అని ఒక మూల కూర్చున్నాడు. ఆ రోజు మేకను కోసినా ముక్క ముట్టలేదు. సీటు పోయినప్పుడు కూడా ఒక్క పూటే మానాడు, ఈసారి రెండు పూటలు.

నీ చేత్తో నీళ్ళు పోయించుకున్న ఊరు చల్లగా ఉండనీ. ఇక నేను ఎప్పుడూ ఏమీ అడగను.

దుర్గమ్మ.


శామీర్‌పేట,
27 ఫిబ్రవరి 1996.

దుర్గా,

నేను పెద్దబండకు పోలేదు. ఈ మాట ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. మా తమ్ముడు తినలేదని రాశావు కాబట్టి చెబుతున్నాను.

ముందు రోజంతా పోవాలా వద్దా అని ఇంట్లో తిరిగాను. మీ అన్న విసిగిపోయి, "పోతె పో, లేకుంటె కూసో, నట్టింట్ల గిరగిర తిరగకు, నాకు కండ్లు తిరుగుతున్నయి" అన్నాడు. పొలి చల్లేలోపు చేరతాననే ఆశతో పండుగనాడు తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. రాగి బిందె గుడ్డలో మూటగట్టుకుని, మేడ్చల్‌లో దిగి, బోరింగ్ దగ్గర నింపుకుని, చంకన పెట్టుకుని నడిచాను. పెద్దబండకు పోవాలంటే పెద్ద రోడ్డు మీదే పోవచ్చు. నేను ఎడ్లబాటకు తిరిగాను. అంటే మీ దగ్గరికే. ఎందుకని అడగకు. కోపం తలలో ఉంటుంది, కాళ్ళకు తెలియదు.

సగం బాట వచ్చేసరికి పొద్దెక్కింది. కుడి పక్క చూస్తే పొలి చల్లి ఉంది. ఎడమ పక్క చూస్తే అక్కడా చల్లి ఉంది. బాట మాది కాదంటే మాది కాదని రాసిచ్చిన మహానుభావులు కదా మీరు! వాళ్ళు బాటకు అవతలి గట్టున పొలిమేర కట్టుకున్నారు, మీరు ఇవతలి గట్టున కట్టుకున్నారు. నడుమ గుంటల్లో నేను.

మీ వైపు గట్టు మీద కర్ర పట్టుకుని ఒకాయన ఉన్నాడు. దుండిగల్ నుంచి వచ్చి కొత్తగా ప్లాటు కొన్నాడట. "ఏ ఊరు అవ్వా నీది?" అని అడిగాడు. దుర్గా, నేను బోర్లా పడి పాకిన నేల అది. నిన్నకాక మొన్న వచ్చినోడు లోపల నిలబడి నన్ను ఏ ఊరని అడుగుతున్నాడు. పెద్దబండ అంటే అటు పొమ్మంటాడు. బందెలదొడ్డి అంటే నువ్వే కాదని రాశావు. శామీర్‌పేట అన్నాను. "అయితె పొద్దుగూకినంక రా అవ్వా" అన్నాడు, మర్యాదగానే.

వెనక్కి పోవచ్చు. కానీ కాళ్ళు రాలేదు. తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. అటు డప్పులు, ఇటు డప్పులు. రెండు మైకులూ కలిసి ఒక్క ముక్క అర్థం కాలేదు. నా పేరు పిలిచారేమో అని చెవులు రిక్కించి విన్నాను, తెలియలేదు. ఎండ మాడ్చేసింది. ఇక దాచేదేముంది, బొడ్రాయికి తెచ్చిన నీళ్ళు మధ్యాహ్నానికి నేనే తాగేశాను. మిగిలినవి ముఖాన చల్లుకున్నాను. ఏ పంచాయతీకీ చెందని ఆ బాట మీద ఆ రోజు సర్పంచ్‌ని నేనే, జనాభా నేనే, అభిషేకం కూడా నాకే.

పొద్దు గూకాక ఎవరైనా వస్తారేమో అని కాసేపు చూశాను. ఎవరూ రాలేదు. వస్తే ఏమని చెప్పేదాన్నో కూడా తెలియదు. సిగ్గేసింది. ఇటుక ట్రాక్టరు ఒకటి మేడ్చల్ పోతుంటే ఎక్కి వచ్చేశాను. ఆ రోజు నేను ఏ ఊరిదాన్నీ కాదు దుర్గా. ఇంటికి వచ్చి ఏడ్చాను.

తమ్ముణ్ణి తినమను.

బాలమణి.


బందెలదొడ్డి,
5 మార్చి 1996.

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. మీ తమ్ముడు కుర్చీలో ఉన్నాడు. లెమ్మని చెప్పి, ఆయన చేతికి ఇచ్చాను. చదివి, ముద్ర వేసే బల్ల మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కూడా. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ మమ్మల్ని చూసి, తనకు పింఛను రాదేమో అనుకుని తనూ మొదలుపెట్టింది.

ఆ ప్లాటాయనను పిలిపించాను. నీ పేరు పలక మీద వందసార్లు రాయించాను. పాపం, ఎందుకని కూడా అడగకుండా రాశాడు. సర్పంచ్ అయ్యాక ఇంతవరకు నేను సొంతంగా చేసిన పని అదొక్కటే.

ఆ తర్వాత ఉత్తరం పట్టుకుని ఎడ్లబాట దాటి ధర్మేందర్ ఇంటికి పోయాను. నన్ను చూడగానే లేచి, "అత్తను మీ తాన్నే పెట్టుకుంటిరి గదా, ఇంకేం గావాలె?" అని అరిచాడు. ఉత్తరం ముఖం మీద పెట్టాను. చదివి, నన్ను వాళ్ళ బొడ్రాయి దగ్గరికి తీసుకుపోయాడు.

పోయినసారి నీకు ఒక సంగతి రాయలేదు. కోపంతో దాచాను. మా బొడ్రాయికి పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, మేకను కోశాం. నీళ్ళ దగ్గర ఆగిపోయాం. బైండ్లాయన తిట్టాడు, ఎవరో ఒకరు పోయండి అన్నాడు. ఒక్క ఆడది కదలలేదు. పొద్దు గూకేదాకా చూసి బిందెలు ఎవరింటికి వాళ్ళు తెచ్చుకున్నాం. ఇదంతా మా ఊరి గుట్టు అనుకున్నాను. పోయి చూస్తే పెద్దబండ రాయి మీద కూడా పసుపు ఎండి పెచ్చులు కట్టి ఉంది. ఒక్క చుక్క నీళ్ళు పడ్డ జాడ లేదు. "అత్త రాకుండ ఎట్ల పోస్తం చిన్నమ్మా?" అన్నాడు ధర్మేందర్.

వచ్చే ఆదివారం పొద్దున ధర్మేందర్, నేను, మీ తమ్ముడు సత్తార్ భాయి మేకల ఆటోలో పొలాలకు అడ్డంపడి వస్తున్నాం. సికింద్రాబాద్ ముఖం చూడం. వాసన వస్తుంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకో. పొలిమేర కట్టేది లేదు, పంతులు లేడు, ముహూర్తం లేదు. ముందు ఏ రాయికి పోయాలని ధర్మేందర్, నేను అప్పుడే కొట్లాట మొదలుపెట్టాం. నిన్ను అడుగుదామన్నాడు మీ తమ్ముడు. వద్దన్నాను. అడిగితే నువ్వు మళ్ళీ నడుమ కూర్చుంటావు. బిందె ఎత్తుకుని నువ్వు ఎటు నడిస్తే అటు వస్తాం, రెండు ఊళ్ళ వాళ్ళమూ.

మా ఊరు కాగితం మీద పుట్టి ఏడాది కావస్తోంది. నువ్వు వచ్చి నీళ్ళు పోస్తే నేల మీద కూడా పుడుతుంది.

నీ మరదలు,
దుర్గ.